గణకయంత్రము, విమానము
విమానగతికి తెంపు లేదు. దానిని నడపు గణకయంత్రము మాత్రము ఆగి యాగి చూచును. ఒకమాఱు కొలిచి, లెక్కకట్టి, చుక్కానులకు ఆజ్ఞ యిచ్చి, మరల కొలుచువఱకు దానినే నిలిపియుంచును. 1972 మే 25వ తేదీన అమెరికాలో గారీ క్రియర్ నడపిన ఎఫ్-8 విమానమున ఈ పని చేసినది అపోలో చంద్రయాత్రలకై నిర్మించిన గణకమే.

కొలతల నడిమి యెడము హెచ్చినకొలఁది ఆజ్ఞ పాతబడును. పాతబడిన యాజ్ఞ ఊపును అణఁచుటకు మాఱు పెంచవచ్చును. దానికన్న మోసకరమైనది, నా తలఁపున, కొలతల నడుమ దాఁగిన ఊపు. శ్రోతలారా, ఊయలను దలఁచుకొనుఁడు. అది నడిమికి వచ్చినప్పుడే కన్ను దెఱచువానికి కదలనట్లే తోఁచును. పైగా ఇంధనము తఱిగినకొలఁది విమానము బరువు మాఱును. కావున గణితము కాగితముమీఁది విమానమునకే గాక దాని పోలికనున్న వానికెల్లను, నడిమి క్షణములకుఁగూడ సరిపడవలెను. ఎఫ్-8 యందు గణకము తప్పినచో పగ్గము చేపట్టుటకు, ఎడతెగక పనిచేయు వేఱొక విద్యుత్ మార్గమును గూడ నుంచిరి.