పాత ఆంప్లిఫయరుకు రోగ నిదానం

1960ల నాటి రేడియోగ్రాములు ఇప్పటికీ పాతసామాన్ల దుకాణాల్లో కనిపిస్తుంటాయి. అలాంటిదొకటి నేనూ కొన్నాను. అందులోని వాల్వు ఆంప్లిఫయరు గుయ్యిమని ఒకటే రొద. పాట బొంగురుపోయింది. చివరి వాల్వు ఇ.ఎల్.84 లోపలి రేకు నిప్పులా ఎర్రబడుతోంది. వాల్వే చెడిందనుకుని, నాన్న వేరుశనగ అమ్మి పంపిన మెస్సు డబ్బులోంచి కొత్తది కొని పెట్టాను. కాసేపటికి అదీ ఎర్రబడింది. గబుక్కున స్విచ్చి ఆపేశాను. ఆ పొరపాటు మీరు చెయ్యకూడదనే ఈ వ్యాసం.

ముందుగా ఒక హెచ్చరిక. ఇందులో 250, 300 వోల్టుల డి.సి. ఉంటుంది. ప్లగ్గు పీకేసినా ఫిల్టరు కండెన్సర్లలో అది నిలిచే ఉండవచ్చు. 50 మైక్రోఫారడ్ల కండెన్సరు 300 వోల్టుల దగ్గర 2.25 జౌళ్ల శక్తిని దాచుకుంటుంది. కనుక 2 కిలో ఓముల, 10 వాట్ల రెసిస్టరు ద్వారా దాన్ని ఖాళీచేసి, మీటరులో సున్నా చూశాకే చెయ్యి పెట్టాలి. కరెంటు ఉండగా కొలిచేటప్పుడు ఒక చెయ్యి జేబులోనే ఉండాలి.

తర్వాత, రెక్టిఫయరుతో సహా వాల్వులన్నీ తీసి, 100 వాట్ల ఫిలమెంటు బల్బును మెయిన్స్‌కు సిరీస్‌లో కలపాలి. ఎల్.ఇ.డి. బల్బు దీనికి పనికిరాదు. బల్బు ఒక్కసారి మెరిసి మసకబారితే మంచిదే. నిండుగా వెలుగుతూనే ఉంటే ఎక్కడో షార్టు ఉన్నట్టే.

ఇక రొద సంగతి. వాల్యూము పూర్తిగా తగ్గించినా రొద తగ్గకపోతే సాధారణంగా తప్పు పవర్ సప్లైలో ఉంటుంది. ఫుల్ వేవ్ రెక్టిఫయరు 50 సైకిళ్ల ఏ.సి.ని 100 సైకిళ్ల అలలుగా మారుస్తుంది. ఎండిపోయిన ఫిల్టరు కండెన్సరు ఆ అలలను చదును చెయ్యలేదు. నా సెట్టులో జరిగింది ఇదే. కండెన్సర్లు మార్చగానే రొద పోయింది. వాల్యూముతో పాటు రొద పెరిగితే మాత్రం ఇన్‌పుట్ వైపు వైర్లు, షీల్డు చూడాలి.

మిగిలింది ఎర్రబడే వాల్వు. దాని కాథోడు రెసిస్టరు 135 ఓములు. దానిమీద 7 వోల్టులు ఉండాలి, నాకు 11 వచ్చాయి. ఓమ్ సూత్రం ప్రకారం 52 మిల్లీ ఆంపియర్లు పారాల్సిన చోట 81 పారుతున్నాయన్నమాట! వాల్వు తీసి సాకెట్టు 2వ పిన్ను, అంటే గ్రిడ్డు, కొలిచాను. సున్నా ఉండాల్సిన చోట 6 వోల్టులు. ముందు వాల్వు నుంచి డి.సి.ని రానివ్వక పాటను మాత్రమే పంపాల్సిన కప్లింగ్ కండెన్సరు లీకవుతోంది. గ్రిడ్డు మీద అదుపు తప్పేసరికి వాల్వు కాగిపోతోంది. 0.022 మైక్రోఫారడ్ల, 630 వోల్టుల కొత్త ఫిల్ము కండెన్సరు అతికించాను. వాల్వు చల్లబడింది. వాల్వు ధర ముందు దాని ధర లెక్కలోకే రాదు.

మొక్క వాడితే ఆకు తుంచి ఊరుకోం, మొదలు తవ్వి వేరు చూస్తాం. యంత్రమైనా అంతే. బాధ కనిపించిన చోటే రోగం ఉండనక్కర్లేదు. ల్యాబులో మార్కుల కోసం రాసిన ఓమ్ సూత్రం నాకు ఆరోజే నిజంగా అర్థమైంది. మెస్సు బాకీ ఇంకా తీరలేదు గానీ, సాయంత్రమయ్యేసరికి మా గదిలో పాట మాత్రం హాయిగా వినిపిస్తోంది.