ఉమ్ము చూసి పేగు జబ్బు ఎలా చెబుతారు?

గోదావరి లంకల్లో గేదెదూడకు పారుడు పట్టుకుంటే, కాస్త పేడ డబ్బాలో వేసుకుని పశువుల ఆసుపత్రికి తీసుకెళతారు. అందులో ఏలికపాముల గుడ్లు కనిపిస్తే పాముల మందు తాగిస్తారు. మరి పేగు జబ్బు సంగతి నోట్లోని ఉమ్ముకు ఎలా తెలుస్తుంది?

పేగులో క్రిములు చేరగానే తెల్ల రక్తకణాలు పోరుకు దిగుతాయి. వాటిలో న్యూట్రోఫిల్ అనే రకం కణాల దగ్గర కాల్‌ప్రొటెక్టిన్ అనే ప్రొటీన్ ఉంటుంది. బ్యాక్టీరియా పెరగాలంటే జింకు, మాంగనీసు కావాలి. ఈ ప్రొటీన్ ఆ రెంటినీ పట్టి ఉంచి, బ్యాక్టీరియాకు అందకుండా చేస్తుంది. ఎంత తెలివైన ఎత్తో చూడండి! పోరు పేగులోనే అయినా దాని ప్రభావం రక్తం ద్వారా ఒళ్లంతా తిరుగుతుంది, లాలాజల గ్రంథుల దాకా చేరుతుంది.

స్పెయిన్‌లోని ముర్సియా విశ్వవిద్యాలయం పరిశోధకులు, ఈ.కోలై బ్యాక్టీరియా వల్ల పారుడు పట్టిన పందుల ఉమ్ము పరీక్షించారు. ఆరోగ్యంగా ఉన్న పందుల ఉమ్ములో కంటే జబ్బు పందుల ఉమ్ములో కాల్‌ప్రొటెక్టిన్, అడినోసిన్ డీఅమినేజ్ అనే ఎంజైమ్ ఎక్కువగా కనిపించాయి.

ఉమ్ము తీయడం ఇంకా బాగుంటుంది. దొడ్డిలో నూలుతాడు వేలాడదీస్తే పందులు వాటంతట అవే వచ్చి దాన్ని నమిలి తడిపేస్తాయి. తాడు పిండితే చాలు, సూది అక్కర్లేదు. కానీ అందులో మందంతటి ఉమ్మూ కలిసిపోతుంది. ఒక్క పందినే చూడాలంటే దాని నోట్లో చిన్న స్పాంజి పెట్టి నమిలించాలి.

ఉమ్ములో కాల్‌ప్రొటెక్టిన్ పెరిగితే లోపల వాపు ఉందని తెలుస్తుంది కానీ, ఏ క్రిమి చేరిందో తెలియదు. అందుకే మీ ఇంట్లో దూడ పారుతుంటే ఆలస్యం చేయకండి, పేడ పట్టుకుని ఆసుపత్రికి వెళ్లండి.