‘పరీక్ష’ సాఫ్ట్‌వేర్‌తో మేలెంత? కీడెంత?

కొత్త వరి వంగడం చేతికి వచ్చిందని రైతు పొలమంతా ఒకేసారి నాటడు. ముందు ఒక మడిలో వేసి చూస్తాడు. కంప్యూటర్లు, సెల్‌ఫోన్లలో పనిచేసే సాఫ్ట్‌వేర్‌కూ ఇదే పద్ధతి ఉన్నది. పూర్తికాని దశలోనే కొందరికి ఇచ్చి లోపాలు కనిపెడతారు.

ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌లో ఈ అవకాశం మరీ ఎక్కువ. దాని సోర్స్ కోడ్, అంటే అసలు రాతప్రతి, అందరికీ బహిరంగం. దాన్ని ఎవరైనా తీసుకుని, మార్చి, యంత్రం నడపగల రూపంలోకి తెచ్చి పంచవచ్చు. ఈ రూపాన్నే బిల్డు అంటారు. అసలు తయారీదారుల ప్రమేయం లేకుండా వచ్చినది అనధికార బిల్డు. లైసెన్సు షరతులు పాటించినంతవరకు ఇలా పంచడం తప్పు కాదు.

మూలనపడిన ఫోన్లకు ఆయుష్షు

హెల్సింకి విశ్వవిద్యాలయ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ 1991 సెప్టెంబరులో పంచిన లినక్స్ 0.01 అసంపూర్ణమైనదే. పలువురు వాడి చూసి సరిచేయగా 1994 మార్చిలో 1.0 వెలువడింది. నేటి ఆండ్రాయిడ్ ఫోన్లకు ఆధారం ఆ లినక్సే. కంపెనీలు అప్‌డేట్లు ఆపివేసిన పాత ఫోన్లకు సైతం ఔత్సాహికులు లీనేజ్ ఓఎస్ అనధికార బిల్డులు తయారుచేసి పంచుతున్నారు.

మూటలో దాగిన దొంగదారి

అయితే రాతప్రతి బహిరంగమైనా, మూటలో ఉన్నది అదేనన్న హామీ లేదు. ఫైళ్లను కుదించే ఎక్స్‌జెడ్ అనే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ 5.6.0, 5.6.1 ప్రతులలో దొంగదారి ఉన్నట్లు 2024 మార్చి 29న వెల్లడైంది. నమ్మకం సంపాదించి నిర్వాహకుడైన వ్యక్తి పేరుతోనే అది చేరింది. దాన్ని పనిచేయించే కీలక భాగం బహిరంగ కోడ్‌లో లేదు, పంపిణీకి కట్టిన మూటలోనే ఉన్నది. అప్పటికే అది డెబియన్, ఫెడోరాల పరీక్ష ప్రతులలోకి చేరింది. లాగిన్‌కు సుమారు అర సెకను అదనంగా పడుతున్నదని ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు ఆరా తీయగా గుట్టు రట్టయింది. పరీక్ష దశలోనే పట్టుబడినందున డెబియన్ స్థిర ప్రతికి ముప్పు తప్పింది.

అధికారిక మూటకే ఈ గతి పడితే, ఊరూపేరూ లేని బిల్డు సంగతి వేరే చెప్పనక్కరలేదు.

తీసుకోవలసిన జాగ్రత్తలు

బిల్డు ఎవరు చేశారో, ఏ కోడ్ నుంచి చేశారో తెలుసుకోవాలి. ప్రకటించిన చెక్‌సమ్ అనే గుర్తుతో సరిపోల్చాలి. అయితే అది మూట దారిలో మారలేదని మాత్రమే చెబుతుంది; కట్టినవారి నిజాయితీని చెప్పదు. బ్యాంకు, యూపీఐ లావాదేవీలు జరిపే ఫోన్‌లో పరీక్ష బిల్డు వేయరాదు. పాత ఫోన్‌లో వేసేటప్పుడు కూడా ఫొటోలు, నంబర్లు ముందుగా వేరేచోట భద్రపరచుకోవాలి. ‘కొత్త టెస్ట్ వెర్షన్’ అంటూ వాట్సాప్‌లో వచ్చే ఏపీకే ఫైలును, పంపినవారు తెలిసినవారైనా సరే, తెరవకపోవడం మేలు. మోసపోయి డబ్బు పోగొట్టుకున్నవారు ఆలస్యం చేయక 1930కి ఫోన్ చేయాలి.