కిరీటం వచ్చింది... కెమెరా పోయింది!

1956 ఏప్రిల్ 4. న్యూయార్కు రేవులో 'కాన్‌స్టిట్యూషన్' అనే పెద్ద ఓడ బయల్దేరడానికి సిద్ధంగా వుంది. డెక్కు మీద ఎటు చూసినా పత్రికలవాళ్ళు, ఫోటోగ్రాఫర్లు! వాళ్ళందరి మధ్యా నవ్వుతూ నిలబడింది యిరవయ్యారేళ్ళ అందాల తార గ్రేస్ కెల్లీ. వెంట తల్లీతండ్రీ, స్నేహితురాళ్ళు, బోలెడు సామాను, ఓ పెంపుడు కుక్క. ఔట్‌డోర్ షూటింగుకి వెళ్తోందనుకునేరు! కాదు, పెళ్ళికి వెళ్తోంది. పెళ్ళికొడుకు మొనాకో దేశాన్నేలే ప్రిన్స్ రేనియర్.

సినిమాల్లో కథ యిక్కడితో అయిపోతుంది. రాజకుమారుడు చెయ్యి పట్టుకోగానే 'శుభం' కార్డు పడుతుంది, మనం లేచి యింటికొస్తాం. గ్రేస్ అసలు కథ మాత్రం ఆ కార్డు తర్వాతే మొదలైంది!

తాపీమేస్త్రీ కూతురు

గ్రేస్ 1929లో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో పుట్టింది. తండ్రి జాన్ కెల్లీ తాపీపనితో జీవితం మొదలుపెట్టి పెద్ద కాంట్రాక్టరైన మనిషి. పడవ పందాల్లో ఒలింపిక్ బంగారు పతకాలు మూడు గెలిచిన ఘనుడు కూడా.

1951లో ఓ చిన్న వేషంతో గ్రేస్ వెండితెర కెక్కింది. మరుసటేడే 'హై నూన్'లో గేరీ కూపర్ సరసన హీరోయిన్! సస్పెన్సు చిత్రాల మేటి డైరెక్టరు హిచ్‌కాక్ ఆవిణ్ణి యేరికోరి మూడు సినిమాల్లో పెట్టుకున్నాడు. 'ది కంట్రీ గర్ల్'లో నటనకి 1955లో ఉత్తమనటిగా ఆస్కార్ వచ్చింది. మొత్తం చేసినవి పదకొండే పదకొండు చిత్రాలు. ఆ పదకొండింటితోనే హాలీవుడ్ని యేలేసింది.

ఇస్త్రీ లేని గౌను

1955 మేలో కేన్స్ చిత్రోత్సవానికి వెళ్ళింది గ్రేస్. మొనాకో అక్కడికి దగ్గరే. ఓ ఫ్రెంచి పత్రిక వాళ్ళు 'రాజుగారితో మీ ఫోటోలు తీస్తాం' అన్నారు. తీరా ఆ రోజున సమ్మె వల్ల హోటల్లో కరెంటు లేదు! తడిజుట్టు ఆరే దారిలేదు, బట్టలకి ఇస్త్రీ లేదు. నలగకుండా మిగిలిన ఒకే ఒక్క పువ్వుల గౌను తొడుక్కుని రాజభవనానికి వెళ్ళింది. ఆ పరిచయం ఉత్తరాలతో పెరిగింది. 1956 జనవరిలో నిశ్చితార్థం ప్రకటించారు. ఏప్రిల్ 18న చట్టప్రకారం పెళ్ళి, 19న చర్చిలో పెళ్ళి. పెళ్ళి గౌను తయారుచేసింది ఎం.జి.ఎం. స్టూడియో డిజైనరు హెలెన్ రోజ్. ఆ వేడుకని కూడా స్టూడియోవాళ్ళు ఫిల్ము తీశారు!

పెళ్ళయ్యాక డ్యూటీ

మొనాకో మొత్తం వైశాల్యం రెండు చదరపు కిలోమీటర్లు. మన టౌన్లలో ఓ పేటంత! కానీ అక్కడికి కోడలుగా వెళ్ళిన పరాయిదేశపు పిల్లకి నెత్తిన పడ్డ బరువు చిన్నది కాదు. ఫ్రెంచి భాషలో మాట్లాడాలి. ఎవరికి యెలా నమస్కరించాలో, యెక్కడ కూర్చోవాలో నేర్చుకోవాలి. పైగా సింహాసనానికి వారసుడు లేకపోతే మొనాకో ఫ్రాన్సు రక్షణ కిందికి వెళ్ళిపోతుందని 1918 నాటి ఒప్పందం వుంది. అందుకే పెళ్ళైన తొమ్మిది నెలలకి కెరొలీన్ పుడితే దేశమంతా పండగ చేసుకుంది. 1958లో ఆల్బర్ట్, 1965లో స్టెఫనీ పుట్టారు.

గ్రేస్ రిబ్బను కత్తిరించే రాణిగా వుండిపోలేదు. 1958లో మొనాకో రెడ్‌క్రాస్ అధ్యక్షురాలయింది. 1963లో పిల్లల సంక్షేమానికి 'అమాద్' అనే సంస్థ పెట్టింది. మరుసటేడు స్థానిక చేతిపనివాళ్ళకి అండగా తన పేర ఓ ఫౌండేషన్ పెట్టింది. ఏటా క్రిస్మస్‌కి అక్కడి పిల్లల్ని పిలిచి వేడుక చేసేది.

ఆ ఒక్క సినిమా!

1962లో హిచ్‌కాక్ నుంచి కబురొచ్చింది. 'మార్నీ' అనే సినిమా, హీరోయిన్ వేషం! గ్రేస్ ఒప్పుకుంది. రేనియర్ కాదనలేదు. మార్చిలో రాజభవనమే ఆ సంగతి ప్రకటించింది.

అంతే! మొనాకోలో గగ్గోలు పుట్టింది. మార్నీ పాత్ర ఓ దొంగ. మా రాణీగారు దొంగగా నటించడమేమిటి? తెరమీద పరాయి మగాణ్ణి ముద్దుపెట్టుకోవడమేమిటి? ఇలా జనం నొచ్చుకున్నారు. సరిగ్గా అదే సమయంలో పన్నుల విషయమై ఫ్రాన్సు అధ్యక్షుడు డిగాల్‌తో రేనియర్‌కి తగాదా ముదురుతోంది. దేశం చిక్కుల్లో వుంటే రాణీగారు మేకప్పు వేసుకుంటే యెలా? గ్రేస్ కొద్ది నెలలకే తప్పుకుంది. 'మార్నీ' వేరే హీరోయిన్‌తో 1964లో విడుదలైంది. గ్రేస్ మళ్ళీ కథాచిత్రంలో హీరోయిన్‌గా కనిపించలేదు.

'పెళ్ళైతే హీరోయిన్ మానేసింది' అని మనం తేలిగ్గా అనేస్తుంటాం. మానెయ్యడం వేరు, మానుకోవాల్సి రావడం వేరు. ఎవరూ చెయ్యి పట్టుకుని ఆపలేదు. కానీ నటించాలన్న కోరిక ఆవిడ ఒక్కతిది, నిర్ణయం మాత్రం దేశం మొత్తానిదై కూర్చుంది. రాచరికం అడిగే అసలు మూల్యం అదే!

ఆ కోరిక చావలేదు. 1976లో ఎడిన్‌బరో ఉత్సవంలో వేదికెక్కి కవితలు చదివింది. 1977లో రష్యన్ బ్యాలే పాఠశాల మీద తీసిన డాక్యుమెంటరీకి వ్యాఖ్యానం చెప్పింది. 1981లో లండన్‌లో ఓ సభకి వచ్చింది కాబోయే యువరాణి డయానా. కెమెరాల తాకిడికి బెదిరిపోయిన ఆ పిల్లకి ధైర్యం చెప్పింది గ్రేసే.

1982 సెప్టెంబరు 13న కొండదారిలో కారు నడుపుతుండగా గ్రేస్‌కి మెదడులో రక్తస్రావమై కారు లోయలో పడింది. పక్కనున్న స్టెఫనీ బతికింది. మర్నాడు గ్రేస్ కన్నుమూసింది. అప్పటికి వయసు 52. అంత్యక్రియలకి వచ్చినవాళ్ళలో డయానా కూడా వుంది. రేనియర్ మళ్ళీ పెళ్ళి చేసుకోలేదు. 2005లో ఆయన్ని భార్య పక్కనే సమాధి చేశారు.

ఆవిడ పోయిన యేడే అమెరికాలో రేనియర్ గ్రేస్ పేర యింకో ఫౌండేషన్ పెట్టాడు. నాటకం, నృత్యం, సినిమా రంగాల్లో పైకి రావాలనుకునే కొత్తవాళ్ళకి అది డబ్బు సాయం చేస్తుంది. రాణీగారికి రెండోసారి దక్కని ఛాన్సు, ఆవిడ పేరు మీద ముక్కూమొహం తెలియని కుర్రాళ్ళకి దక్కుతోంది!