సర్టిఫికెట్ కొనేముందు ఒక్కసారి ఈ కరెంటు బిల్లు చూడండి

ముందు ఒక నిజం చెప్పేస్తా. బీటెక్ థర్డ్ ఇయర్ సమ్మర్‌లో నేను ఇంటర్న్‌షిప్ చేయలేదు. డబ్బులు కట్టి సర్టిఫికెట్ తెచ్చుకున్నా. తర్వాత ఇంటర్వ్యూలో "అక్కడ ఏం చేశావు?" అని అడిగితే నోరు పెగల్లేదు.

పోయిన సమ్మర్‌లో మా పిన్ని కూతురు ఫోన్ చేసి, "అన్నయ్యా, సర్టిఫికెట్ ఎక్కడ తీసుకున్నావో చెప్పవా?" అంది. తను ట్రిపుల్ ఈ సెకండియర్. కొనొద్దమ్మా, అమ్మమ్మ వాళ్ళ ఊరెళ్దాం పద అన్నా. ఆ ఊళ్ళో అందరి నోటా సోలార్ మాటే, లెక్క చెప్పేవాళ్ళే లేరు.

ముందు స్కీమ్ సంగతి. పీఎం సూర్యఘర్ 2024 ఫిబ్రవరిలో మొదలైంది, కోటి ఇళ్ళు టార్గెట్. ఇంటి మీద 1 కిలోవాట్ పెడితే 30,000, రెండుకి 60,000, మూడు, ఆపైన ఎంత పెట్టినా 78,000 రూపాయల సబ్సిడీ. కానీ ఇది ముందు రాదు. ప్యానెల్స్ బిగించి, నెట్ మీటర్ పెట్టి, తనిఖీ అయ్యాకే అకౌంట్లో పడుతుంది. అప్పటిదాకా చేతి డబ్బో, అప్పో.

మా చెల్లి ఇంటింటికీ చేసిన పని మూడు ముక్కలు.

ఒకటి, ఏడాది కరెంటు బిల్లులు. ఒక్క మే నెల బిల్లు చూసి లెక్కేస్తే మోసపోతాం.

రెండు, డాబా కొలత. కిలోవాట్‌కి సుమారు 100 చదరపు అడుగులు కావాలి. దక్షిణం వైపు చెట్టుందా చూడాలి. ఎండాకాలంలో పడని నీడ డిసెంబర్లో పడుతుంది, అప్పుడు సూర్యుడు దక్షిణానికి జరిగి కిందుగా వస్తాడు కాబట్టి.

మూడు, లెక్క. మన ఎండకి కిలోవాట్ రోజుకి దాదాపు 4 యూనిట్లు, అంటే నెలకి 120.

రెండు ఏసీలున్న ఉమ్మడి కుటుంబానికి నెలకి 400 యూనిట్లు దాటుతోంది. వాళ్ళకి 3 కిలోవాట్లు బాగా పనికొస్తాయి. దగ్గరుండి అప్లై చేయించాం. ఓటీపీ మాత్రం వాళ్ళే కొట్టుకున్నారు. సాయం చేసేటప్పుడు కూడా ఎవరి ఓటీపీ అడగొద్దు.

ఆ పక్కింట్లో మిషన్ కుట్టే అత్త ఉంది. ఎవరో ఏజెంట్ వచ్చి 3 కిలోవాట్లు పెట్టుకో, అంతా ఫ్రీనే అన్నాడట. సబ్సిడీ పోను లక్ష కట్టాలని తర్వాత తేలింది. గాజులు తాకట్టు పెట్టడానికి రెడీ అయింది. ఆమె వాడకం 90 యూనిట్లు, బిల్లు 300 లోపే. లక్షకి 9 శాతం వడ్డీ వేసుకున్నా నెలకి 750. మిగిలిన కరెంటు గ్రిడ్‌కి ఇవ్వొచ్చు, కానీ దానికొచ్చే రేటు తక్కువే. అది కలిపినా చాలావరకు వడ్డీకే పోతుంది.

"ఇప్పుడు వద్దత్తా" అని చెప్పడానికి మా చెల్లి చాలా ఇబ్బంది పడింది. సోలార్ ప్రాజెక్ట్‌కొచ్చి సోలార్ వద్దంటే ఎలా అని. అత్త కాసేపు బిల్లు వంక చూసి, "గాజులు మిగిలినయ్ లేమ్మా" అంది.

ఆ "వద్దు" కూడా రిపోర్ట్‌లో రాయమన్నా, రాసింది. రేపు ఇంటర్వ్యూలో "ఏం చేశావు?" అంటే తనకి చెప్పడానికి ఒక ఊరుంది.

ఈ సమ్మర్‌కి మీరేం చేస్తున్నారు? మీ ఇంటి కరెంటు బిల్లుతోనే మొదలెట్టండి. ఉంటా మరి.