బాటరీ మారినది, లెక్క మారలేదు

ఫోనులో పాత బాటరీ తీసి క్రొత్తది అమర్చిన పిమ్మట, తెరపై 20 శాతము కనబడుచుండగనే ఫోను ఆగిపోవుట కలదు. అత్యవసరముగా వైద్యుని పిలువవలసిన వేళ ఇది పెద్ద చిక్కు. లోపము బాటరీలో గాక లెక్కలో ఉండవచ్చును.

కుండలోని నీటిని చూచినట్లు బాటరీలోని విద్యుత్తును చూడలేము. నిండిన లిథియం-అయాన్ ఘటము సాధారణముగా 4.2 వోల్టులు చూపును. కాని నడుమ చాలవరకు వోల్టేజి స్వల్పముగానే మారును. కావున పలు ఫోనులలోని కొలత చిప్పు, గాదెలో పోసిన కుంచములను, తీసిన కుంచములను వ్రాసికొను రైతువలె, వచ్చిన విద్యుత్తును కూడుచు, పోయినదానిని తీసివేయుచుండును. గాదె మారినను చిట్టా పాతదైనచో లెక్క తప్పును.

దిద్దు విధమిది: ఫోనును 100 శాతము ఛార్జి చేసి, మరికొంతసేపు అట్లే ఉంచవలెను. తరువాత తనంతట ఆగువరకు వాడి, మరల ఎడతెగక పూర్తిగా ఛార్జి చేయవలెను. నిండుదనము, వెలితి అను రెండు కొసలు తెలియుటచే చిప్పు లెక్క సరిచేసికొనును.

అప్పటికిని ఫోను నడుమ ఆగినచో బాటరీనే పరీక్షింపవలెను. ఈ పనివలన బాటరీ బలము పెరుగదు. తరచు ఖాళీచేసినచో త్వరగా క్షీణించును. ఒకసారి చాలును.