సోమశిల నీళ్లు, చౌడు నేల, వరిలో ఒక జన్యువు

సోమశిల నిండిందంటే ఆత్మకూరు, ఉదయగిరి వైపు మనం సంతోషిస్తాం. ఆ నీళ్ల కోసం మనకంటే ఆత్రంగా చూసేవాళ్లు పెన్నా డెల్టా చివర ఉన్నారు. విడవలూరు, ఇందుకూరుపేట వైపు సముద్రానికి దగ్గరి పొలాల్లో మంచినీళ్లు తగ్గితే ఉప్పు పైకొస్తుంది. అటు వియ్యమందిన కుటుంబాలు మనలోనూ ఉన్నాయి. మామూ పొలంలో ఆకుల కొసలు తెల్లబడి ఎండితే తెగులనుకుని మందు కొట్టేస్తారు. అది ఉప్పు దెబ్బ కూడా కావచ్చు.

మరి అదే నేలలో ఒక వరి చచ్చిపోతే ఇంకోటి ఎలా నిలబడుతుంది? బెంగాల్లో నోనా బొక్రా అని పాత దేశవాళీ రకం ఉంది. నోనా అంటేనే ఉప్పన. షాంఘై శాస్త్రవేత్తలు దాన్ని ఉప్పుకు ఆగలేని జపాన్ రకం కోషిహికారితో సంకరం చేశారు. పిల్ల మొక్కల్లో ఉప్పుకు నిలిచినవేవి, వాటికి నోనా బొక్రా నుంచి వచ్చిన ముక్క ఏది అని వడబోస్తూ పోయి, 1వ క్రోమోజోమ్‌లో ఒక్క జన్యువు దగ్గర ఆగారు. 2005లో ప్రకటించారు. పేరు ఎస్‌కేసీ1.

జన్యువు దొరికితే చాలదు, అది ఏం పని చేస్తుందో చూపించాలి. అందుకు దాన్ని కప్ప గుడ్లలోకి ఎక్కించారు. నవ్వకండి, ఇది మామూలు పద్ధతే. కప్ప గుడ్డు పెద్దది, దాని పొర దాటి ఏం వెళ్తోందో కొలవడం తేలిక. సోడియం దాటింది, పొటాషియం దాటలేదు. అంటే ఇది సోడియంకు మాత్రమే తెరుచుకునే తలుపు. ఇలా పదార్థాన్ని దాటించే ప్రొటీన్‌నే ట్రాన్స్‌పోర్టర్ అంటారు.

అసలు కిటుకు ఆ తలుపు ఉన్న చోటులో ఉంది. వేరు నుంచి ఆకుకు నీళ్లెక్కే గొట్టాల పక్కనే ఉండి, పైకి పోయే సోడియంను మధ్యలోనే లాగేస్తుంది. ఆకుకు చేరేది తగ్గుతుంది. నిజానికి ఈ జన్యువు కోషిహికారిలోనూ ఉంది. ఆ ప్రొటీన్‌లో నాలుగు అమైనో ఆమ్లాలే తేడా. అంత చిన్న తేడాకే నోనా బొక్రాలో పని చురుగ్గా సాగుతుంది.

కేరళ పొక్కలి వరిలో సాల్టాల్ అనే భాగంలోనూ ఇదే జన్యువు ఉంది. ఆ భాగాన్ని మామూలు సంకరంతోనే మంచి దిగుబడి రకాల్లోకి తెస్తున్నారు, జన్యుమార్పిడి ఏమీ లేదు. మన రాష్ట్రంలో మచిలీపట్నం పరిశోధన కేంద్రం ఉప్పు తట్టుకునే ఎంసీఎం 100, ఎంసీఎం 101 రకాలు ఇచ్చింది.

విత్తనం మార్చాం కదా, ఇక భయం లేదనుకుంటే మాత్రం పొరపాటే. తట్టుకునే రకానికి కూడా నారు దశలో, పూత దశలో ఉప్పు గట్టిగానే తగులుతుంది. ముందు మట్టి పరీక్ష చేయించండి. ఈసీ 4 దాటితే ఉప్పు నేల. పీహెచ్ 8.5 దాటితే అది వేరే చౌడు, దానికి జిప్సం కావాలి. ఉప్పు నేలకు జిప్సం చల్లితే డబ్బు దండగ. అక్కడ మంచినీళ్లు పెట్టి, ఉప్పు కరిగాక మురుగు కాలువలోకి వదిలేయాలి. డెల్టాలో ఆ కడిగే నీళ్లు సోమశిల నుంచే రావాలి.